కొత్తిమీరకు అక్కడ రెండు పేర్లు

మొన్న జూన్‌లో కావలి వచ్చినప్పుడు మా వీధిలో ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. పిల్లవాడు ఆగస్టులో టెక్సాస్‌కి ఎమ్మెస్ చదవడానికి పోతున్నాడు. "వీడికి కొత్తిమీర పడదన్నా. పచ్చడి నోట్లో పెట్టుకున్నాడంటే పెదాలు ఉబ్బిపోతాయి. అక్కడ మన వంటలుండవు గదా, ఇంక భయంలేదులే?" అనింది.

భయం అక్కడే ఎక్కువమ్మా అన్నాను. మనం కొత్తిమీరను చారు దించేముందు చల్లుతాం. టెక్సాస్‌లో ఏ సందు తిరిగినా మెక్సికన్ హోటలే, వాళ్ళు పచ్చి ఆకు సన్నగా తరిగి సల్సా అనే టమాటా పచ్చడిలో, గ్వాకమోలె అనే అవకాడో పచ్చడిలో కలిపేస్తారు. చిపోట్లే అనే హోటళ్ళలో అన్నంలోనే కలిసి ఉంటుంది, ఏరి పక్కన పెట్టడానికి వీల్లేదు. థాయ్ కూరల ముద్దలో అయితే కొత్తిమీర వేళ్ళు కూడా నూరతారు.

పేరు దగ్గర ఇంకో చిక్కు. అమెరికాలో ఆకుని సిలాంట్రో అంటారు, కోరియాండర్ అంటే వాళ్ళకు దనియాలు. లండన్‌కో మెల్‌బోర్న్‌కో పోతే రెండూ కోరియాండరే. టెక్సాస్ హోటల్లో "నో కోరియాండర్" అంటే వాళ్ళు తలూపి, ఆకు చల్లి తెచ్చిపెడతారు. అందుకని రెండు పేర్లూ చెప్పాలి, "అలర్జీ" అనే మాటా చెప్పాలి. వద్దు అని ఊరుకుంటే ఇష్టంలేదేమో అనుకుంటారు, పైన వేసింది తీసేసి అదే ప్లేటు తెస్తారు.

ఇష్టంలేకపోవడం వేరే సంగతి. కొందరికి కొత్తిమీర సబ్బు వాసన కొడుతుంది. ఆకులో వాసననిచ్చే ఆల్డిహైడ్లు అనే పదార్థాలను పసిగట్టే జన్యువుకూ దీనికీ సంబంధం ఉందని 2012లో పరిశోధకులు చూపించారు. అది అలర్జీ కాదు, ప్రాణానికేమీ కాదు.

మూడో రకం నా అనుభవం. కొత్తిమీర పచ్చడి, వేడన్నం తిని పెరిగినవాణ్ణి నేను. బోస్టన్ పోయిన నాలుగో ఏడు, ఏప్రిల్లో, పచ్చి క్యారెట్ తింటే నాలుక దురద పెట్టింది. తర్వాత ఆపిల్, ఆ తర్వాత సల్సా. డాక్టరు చెప్పిందేమంటే, అక్కడ బిర్చ్ అనే చెట్టు వసంతంలో పుప్పొడి రాలుస్తుంది. ఆ పుప్పొడి పడనివాళ్ళ ఒంటికి క్యారెట్, సెలెరీ, కొత్తిమీర లాంటివాటిలోని ప్రోటీన్లు కూడా అదేలాగా కనిపిస్తాయి. ఉడికిస్తే ఆ ప్రోటీన్లు చాలావరకు చెడిపోతాయి, అందుకే చారులో పడ్డది నన్నేమీ చెయ్యదు. మన కావలిలో ఆ చెట్టే లేదు. కాబట్టి "మా ఊళ్ళో తిన్నాను, ఏం కాలేదు" అనే ధీమా అక్కడ పనికిరాదు.

కానీ ఈ పిల్లవాడిది అలా తేలిగ్గా తీసుకునేది కాదు. పెదాలు ఉబ్బుతున్నాయంటే పరీక్ష ఇక్కడే, బయల్దేరకముందే చేయించాలి. నెల్లూరులోనో చెన్నైలోనో అలర్జీ డాక్టరు దగ్గర చర్మం మీద గుచ్చి చూస్తారు. ఆకు, దనియాలు రెండూ తీసుకెళ్ళి చూపించండి, రెండూ పడవని గ్యారంటీ లేదు, రెండూ పడతాయనీ లేదు. జీలకర్ర, సోంపు, వాము, ఇంగువ కూడా అదే కుటుంబం మొక్కలు, వాటి గురించీ అడగండి. సిట్రిజిన్ లాంటి మాత్రలు పరీక్షకు కొన్ని రోజుల ముందే ఆపమంటారు. రిపోర్టు ఇంగ్లీషులో తీసుకుని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోవాలి.

అమెరికాలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాలు 9. నువ్వులు కూడా 2023 జనవరి నుంచి అందులో చేరాయి. కొత్తిమీర, దనియాలు లేవు. "స్పైసెస్" అని ఒక్క మాట రాసి వదిలేయొచ్చు, అందులో దనియాలుండొచ్చు. ఆ మాట కనిపిస్తే కంపెనీకి ఫోన్ చేసి అడగడం తప్ప దారిలేదు.

అన్నిటికన్నా నాకు దిగులు మన మొహమాటం గురించే. నలుగురు తెలుగు పిల్లలు ఒక గదిలో చేరతారు, వంతులవారీగా వండుకుంటారు. కొత్తగా వచ్చినవాడు "నాకిది పడదు" అని చెప్పడానికి సిగ్గుపడి తింటాడు. మొదటి రోజే చెప్పాలి, తింటే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, కళ్ళు తిరగడం కనిపిస్తే సిట్రిజిన్ మింగి కూర్చోకూడదు. అక్కడ డాక్టరు రాసిచ్చే ఎపిపెన్ అనే అత్యవసర ఇంజెక్షన్ ఉంటే తొడ బయటివైపు గుచ్చి, వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యాలి. తగ్గినట్టు అనిపించినా ఆసుపత్రికి పోవాల్సిందే. ఎపిపెన్ ఎక్కడ పెట్టాడో గదిలో ప్రతివాడికీ తెలియాలి.

వాళ్ళమ్మ అప్పటికే పొడులు కొట్టి సర్దేసింది. నల్లకారం, సాంబారు పొడి, రసం పొడి, మూడింట్లోనూ దనియాలున్నాయి. పరీక్ష ఫలితం వచ్చేదాకా వాటిని పెట్టెలో పెట్టొద్దన్నాను. కందిపొడి మాత్రం ఉంచమన్నాను, కానీ అందులో జీలకర్ర వేశావా అని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి, "వేశానన్నా" అనింది.