తాతగారి పెట్టెలో విక్టోరియా రాణి సంతకం: అసలుదేనా?

అమలాపురంలో తాతగారి ట్రంకుపెట్టెలో విక్టోరియా రాణి సంతకమున్న ఉత్తరం దొరికిందని, అసలుదో కాదో ఎలా తేల్చాలని అడిగారు. ముందు భూతద్దం పట్టండి. చేత్తో చేసిన సంతకంలో కలం ఒత్తిన చోట సిరా ముదురుగా, తేలిన చోట పలచగా ఉంటుంది. అచ్చుదైతే సాధారణంగా అంతా ఒకే నలుపు, లేదా సన్నని చుక్కలు. 1877లో భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాక సంతకంలో ‘ఆర్’ (రెజీనా, అంటే రాణి) పక్కన ‘ఐ’ (ఇంపరాట్రిక్స్, అంటే సామ్రాజ్ఞి) కూడా చేరింది. 1860 నాటి ఉత్తరంలో ‘ఐ’ కనిపిస్తే అనుమానించాల్సిందే.

మన వైపు పిఠాపురం రాజావారి ఉత్తరాలు దొరికితే దొరకొచ్చు, నాకైతే అవే ముద్దు. ఏదైనా సరే, లామినేషన్ మాత్రం చేయించకండి! కోనసీమ చెమ్మ తగలకుండా ఆమ్లం లేని కవర్లో పెట్టండి. 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువున్న రాతప్రతులను 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మనంతట మనం విదేశాలకు పంపకూడదు.