మూడో అంతస్తు సంగతి తర్వాత, అద్దెవాళ్ల అడ్వాన్సు ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 51. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో పని. చేతికి 48 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 32 వేలు. హైదరాబాద్ నాగోలు దగ్గర 150 గజాల్లో జి ప్లస్ 2 ఇల్లు ఉంది. కింద మేముంటాం, పైన నాలుగు పోర్షన్లు. ఫస్ట్ ఫ్లోర్‌లో అద్దె 12 వేల చొప్పున, సెకండ్ ఫ్లోర్‌లో 11 వేల చొప్పున. హోమ్ లోన్ ఈఎంఐ 31 వేలు, ఇంకా ఏడేళ్లుంది. సెకండ్ ఫ్లోర్‌లో ఒకాయన మూడు నెలల అద్దె బాకీ పెట్టి వెళ్లిపోయారు. పక్క పోర్షన్ వాళ్లూ నెల తేడాతో ఖాళీ చేశారు. వాళ్లకు అడ్వాన్సు తిరిగివ్వడానికి ఫ్రెండ్ దగ్గర 22 వేలు తెచ్చాను. నాలుగు నెలలుగా రెండు పోర్షన్లకూ టు-లెట్ బోర్డే. పై స్లాబు నుంచి చెమ్మ దిగుతోంది. మూడో అంతస్తు వేస్తే లీకేజీ పోతుంది, పైగా హాస్టల్‌కిస్తే నెలకు 30 వేలు ఇస్తామని ఒకరు అన్నారు. 18 లక్షలు కావాలి. పర్మిషన్ జి ప్లస్ 2కే ఉంది కాబట్టి బ్యాంకు ఇవ్వనంది. నెలకు 10 వేలు కట్టే 5 లక్షల చిట్టీ పాడేసి, మా ఆవిడ బంగారం మీద 8 లక్షలు తీసుకుని, మిగతాది తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. బ్యాంకులో 70 వేలున్నాయి. పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగొస్తుంది?

జవాబు: మీరు అడిగిన లెక్క కింద చెబుతాను. దానికంటే ముందు, మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం గురించి మాట్లాడాలి. అడ్వాన్సు తిరిగివ్వడానికి ఫ్రెండ్ దగ్గర 22 వేలు తెచ్చానన్నారు. పోర్షన్లు అద్దెకిచ్చుకునే ఇంటి ఓనర్లలో చాలామంది చేసే తప్పు ఇదే. అద్దెవాళ్లు అడ్వాన్సు ఇవ్వగానే అది రంగులకో, పిల్లల ఫీజుకో పోతుంది. మళ్లీ ఎవరో ఒకరు వస్తారు, వాళ్లిచ్చిన దాంతో వీళ్లకు సర్దేయొచ్చులే అనుకుంటారు. ఇద్దరు ఒకేసారి ఖాళీ చేసి, కొత్తవాళ్లు రాకపోతే చేబదులే గతి. అకౌంట్స్‌లో పనిచేసే మీకు లయబిలిటీ (తిరిగిచ్చేయాల్సిన బాకీ) అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కంపెనీ పుస్తకాల్లో డిపాజిట్‌ను ఆదాయంగా రాస్తే మీరు ఊరుకుంటారా?

ఇప్పుడు మీ 70 వేలు చూద్దాం. ఫస్ట్ ఫ్లోర్‌లో ఉన్న రెండు కుటుంబాల అడ్వాన్సు, రెండు నెలల చొప్పున, 48 వేలు. అది వాళ్లది. మిగిలింది 22 వేలు. ఫ్రెండ్‌కు ఇవ్వాల్సిందీ 22 వేలే. అంటే ఈ రోజు మీ సొంత డబ్బు సున్నా. సున్నా దగ్గర నిలబడి 18 లక్షల పని మొదలుపెడతానంటున్నారు!

నాలుగు పోర్షన్లు నిండితే నెలకు 46 వేలు వస్తుంది, ఈఎంఐ పోను 15 వేలు మిగులుతుంది అన్నది మీ మనసులో ఉన్న లెక్క. అది కాగితం మీద లెక్క. ఒక్కో పోర్షన్ ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉన్నా 46 వేలు పోతుంది. ఖాళీ చేసినప్పుడల్లా రంగులు, విరిగిన కుళాయిలు, బోరు మోటారు కాలితే రివైండింగు, ఎండాకాలం ట్యాంకర్లు, డ్రైనేజీ, ఇంటి పన్ను అన్నీ కలిపి ఏడాదికి ఓ 70 వేలు వేసుకోండి. అప్పుడు చేతికొచ్చేది నెలకు 36 వేలు. ఈఎంఐ కట్టాక మిగిలేది 5 వేలు. ఎగ్గొట్టినాయన లాంటి వాళ్లు ఏడాదికొకరు తగిలితే అదీ ఉండదు.

ఇక మీ ప్లాన్. ఇంకా 32 వాయిదాలున్న చిట్టీ ఇప్పుడు పాడితే చేతికి నాలుగు లక్షలు రావడం కష్టం. కాబట్టి వడ్డీకి తేవాల్సింది ఆరు లక్షలు. రెండు రూపాయలంటే నెలకు 12 వేలు. బంగారం మీద 8 లక్షలకు పది శాతం వేసుకున్నా నెలకు 6,700. ఇది కేవలం వడ్డీ, అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. దీనికి ఈఎంఐ 31 వేలు, చిట్టీ 10 వేలు కలపండి. నెలకు దాదాపు 60 వేలు. మీ జీతం, ఇప్పుడొచ్చే అద్దె కలిపితే 72 వేలు. 12 వేలతో 32 వేల ఇల్లు నడపాలి. స్లాబు వేసి, ప్లాస్టరింగు, కరెంటు పని అయ్యేసరికి ఎంత లేదన్నా ఆరేడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ నెలకు తక్కువపడే ఆ 20 వేలకు మళ్లీ ఎవరి గుమ్మం ఎక్కుతారు?

తెలిసినవాళ్లు ఇచ్చినా రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమే. బ్యాంకు కాదన్నదంటే అందులో ఒక కబురుంది. పర్మిషన్ లేని అంతస్తును తనఖాగా వాళ్లు నమ్మడం లేదు. బ్యాంకు నమ్మని అంతస్తు మీద మీరు భార్య బంగారం పెడతానంటున్నారు. ఇలాంటి ఉత్తరాలు చూస్తే నాకు కోపమొస్తుంది, దాచుకోను.

మీరడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ. హాస్టల్ ఒక్క నెల కూడా ఖాళీ పడకుండా, ఒక్క రిపేరూ రాకుండా, వచ్చిన 30 వేలూ అప్పులకే కట్టినా, ఆ 14 లక్షలు తీరడానికి, కట్టడానికి పట్టే నెలలు కూడా కలిపితే, ఆరేళ్లు దాటుతుంది. చిట్టీ సొమ్ము అందులో లేదు. ఆ 30 వేలు కూడా నోటిమాటే. పైన పదిహేను మంది కుర్రాళ్లు దిగితే అదే సంపు, అదే బోరు, అదే డ్రైనేజీ పైపు. 2024 ఎండల్లో నగరంలో ట్యాంకర్ల కోసం ఎలా తన్నుకున్నారో మీరూ చూసే ఉంటారు. పైన బాయ్స్ హాస్టల్ పెడితే ఫస్ట్ ఫ్లోర్‌లోని రెండు కుటుంబాలు ఎన్నాళ్లుంటాయి? జి ప్లస్ 2కని వేసిన పునాది, పిల్లర్లు ఇంకో అంతస్తు మోస్తాయా అని ఏ స్ట్రక్చరల్ ఇంజినీరునైనా అడిగారా? 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్ నగర్‌లో పక్కన తవ్విన గుంత వల్ల ఒక బిల్డింగు ఒరిగి, దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఓనరుకు అద్దె ఆగిపోతుంది, అప్పు ఆగదు.

ముందు ఉన్న రెండు పోర్షన్లు నింపండి. మీ సమస్య గదులు చాలకపోవడం కాదు, ఉన్న గదులు ఖాళీగా ఉండటం. చెమ్మకు మందు మూడో అంతస్తు కాదు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్. వెయ్యి అడుగుల స్లాబుకు అరవై డెబ్బై వేలలో తేలిపోతుంది. బెడ్‌రూం గోడ మీద పెచ్చులూడి కనబడితే చూడటానికొచ్చినవాళ్లు రెండో మాట మాట్లాడకుండా మెట్లు దిగిపోతారు. లిఫ్టు లేని సెకండ్ ఫ్లోరుకు అద్దె కూడా తగ్గించి చెప్పండి. నెలకు వెయ్యి తగ్గిస్తే ఏడాదికి పోయేది 12 వేలు. నాలుగు నెలలు పంతంగా కూర్చున్నందుకు ఒక్కో పోర్షన్‌ మీద ఇప్పటికే 44 వేలు పోయింది. పోర్షన్‌కో కరెంటు మీటరు లేకపోతే పెట్టించండి. 200 యూనిట్ల ఉచిత కరెంటు వచ్చాక తెల్ల రేషన్ కార్డున్నవాళ్లు విడి మీటరుందా అనే ముందు అడుగుతున్నారు.

ఈ పనికి బ్యాంకులో బంగారం మీద లక్ష తీసుకోండి. దీనికి మాత్రం ఒప్పుకుంటాను. వాటర్‌ప్రూఫింగ్, రంగులు అయ్యాక మిగిలింది ఫ్రెండ్ బాకీ కిందకు. రెండు పోర్షన్లు పది వేల చొప్పున నిండగానే మొదటి ఐదారు నెలల అద్దెతో బంగారం విడిపించేయండి. కొత్తవాళ్లు ఇచ్చే అడ్వాన్సు మాత్రం ముట్టుకోవద్దు. వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, మీ ఆవిడ పేరున అయినా సరే, నాలుగు పోర్షన్ల అడ్వాన్సులూ అందులో పెట్టండి. ఏటీఎం కార్డు తీసుకోకండి.

అదయ్యాక అత్యవసర నిధి. జీతగాడికి ఆరు నెలల ఖర్చు చాలు అంటాం. ఇంటి ఓనరుకు అది చాలదు, ఎందుకంటే మీకు రెండు వైపుల నుంచీ రాబడి ఆగిపోవచ్చు, బిల్డింగు మాత్రం ఖర్చు అడుగుతూనే ఉంటుంది. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 63 వేలు, ఆరు నెలలకు 3,78,000. అడ్వాన్సులు దాదాపు 90 వేలు. మోటారు, పైపులు, స్లాబు లాంటి పెద్ద రిపేర్లకు ఒక లక్ష. మొత్తం 5 లక్షల 70 వేల దాకా. ఎక్కడి నుంచి తేవాలంటారా? చిట్టీ పాడకుండా ఉంచండి. చివరి నెలల్లో తీసుకుంటే కమీషన్ పోను దాదాపు పూర్తి మొత్తం వస్తుంది, చిట్టీ కంపెనీ రిజిస్టర్డ్ అయితేనే సుమా. ఆ లోపు బంగారం విడిపించాక మిగిలే అద్దెలోంచి నెలకు పదివేలు ఎఫ్‌డీలోకో, అవసరమైతే ఒకట్రెండు రోజుల్లో తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లోకో పంపండి. ఈ నిధి నిండేదాకా ఇంటి మీద ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు.

ఇన్సూరెన్స్ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. 51 ఏళ్లప్పుడు సొంతంగా తీసుకోవడం ఆలస్యమే, అయినా 55కు ఆగడం కంటే నయం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఇంటిల్లిపాదికీ కలిపి పది లక్షల హెల్త్ పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటర్), మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బొచ్చే 50 లక్షల టర్మ్ పాలసీ ఈ నెలలోనే చూడండి. మీ హోమ్ లోన్ బాకీ ఇంకా 19 లక్షల పైనే ఉంటుంది, రేపు మీకేమైనా అయితే ఆ ఈఎంఐ మీ ఆవిడ మీద పడుతుంది. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. 2020 అక్టోబరు వరదల్లో మీ వైపు కాలనీలు ఎలా మునిగాయో గుర్తుందిగా.

మిగతావి టూకీగా. బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే రెపో రేటు 2025లో 6.5 నుంచి 5.25 శాతానికి దిగింది, మీ లోన్ వడ్డీ తగ్గిందో లేదో బ్యాంకుకెళ్లి అడగండి. అద్దె ఆదాయం ఐటీ రిటర్నులో చూపించండి, ఇంటి పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతానికి ఎలాగూ పన్ను ఉండదు. ఇల్లు అమ్మి ఫ్లాటు కొనడం, నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే ఎస్ఐపీలు, ఇవన్నీ ఆ అత్యవసర నిధి నిండాక మాట్లాడుకుందాం.

కొత్తగా వచ్చేవాళ్లతో 11 నెలల అగ్రిమెంటు రాయించుకుని, ఆధార్ కాపీ తీసుకోండి. రెండో నెల అద్దె పదో తేదీ దాటితే మొహమాటపడకుండా అడగండి, మూడో నెలదాకా ఆగితే అడ్వాన్సు సరిపోదని మీకు ఇప్పటికే తెలిసింది. హాస్టల్ ఆయనకు వద్దని ఈ రోజే ఫోన్ చేయండి. ఆయన దగ్గర టోకెన్ కింద ఏమైనా తీసుకుని ఉంటే, అది ఖర్చు కాకముందే తిరిగిచ్చేయండి.