అమ్మలూ, మైకు మాత్రం పట్టుకోకు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకి అత్త ఆశీస్సులు.

నువ్వు గుణుపురంలో రక్తదానం క్యాంపు పెడుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "వంద యూనిట్లు తీయిస్తుందట" అన్నాడు, గొంతు నిండా సంతోషంతో. నాకూ గర్వంగానే అనిపించింది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. నా టెన్షనంతా ఆ వంద అన్న మాటతోనే.

ముందు మామూలు సంగతులు. 18 నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హెచ్‌బీ, అంటే రక్తంలో హిమోగ్లోబిన్, 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మలేరియా తగ్గాక మూడు నెలలు ఆగాలి. మన వైపు ఇది గట్టిగా కనుక్కో. జ్వరం వచ్చిందా అంటే లేదంటారు, చలిజ్వరం వచ్చిందా అంటే అప్పుడు గుర్తొస్తుంది. మార్గశిర లక్ష్మివారం నాడు క్యాంపు పెట్టకు, ఆడపిల్లలు సగం మంది ఉపవాసంతో వస్తారు. ఎవరు వచ్చినా ముందు ఉప్మా తినిపించు.

ఇక ఆ వంద సంగతి. బ్యాగులో రక్తం 35 రోజులు నిలుస్తుంది. ఎర్రకణాలు వేరుచేసి, వాటికి పోసే ద్రావణం పోసి ఉంచితే 42. అంతే. అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం అని ఊరూరా క్యాంపులు పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులిచ్చాక ఫ్రిజ్ తలుపు తీస్తే ఖాళీ అరలు కనిపిస్తాయి. తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్, అదే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో నీకు నేను చెప్పాలా? వాళ్లకు ఎప్పుడు అవసరం పడుతుందో ఎవరం చెప్పలేం. అందుకే ముందు బ్లడ్ బ్యాంకుకి వెళ్లి ఏ నెలలో ఎన్ని కావాలో, ఏ గ్రూపు కొరతగా ఉందో అడుగు. ఒక్క రోజు వంద మంది కన్నా, నెలకు పది మంది చొప్పున ఏడాదంతా వచ్చేవాళ్లు నీకు కావాలి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

నేను బ్లడ్ బ్యాంకు ల్యాబులో ఉద్యోగంలో చేరిన కొత్తలో రక్తం అమ్ముకునేవాళ్లు ఉండేవారు. ఆ డబ్బుతోనే ఇంట్లో పొయ్యి వెలగాలి, అందుకని ఏ జబ్బున్నా చెప్పేవారు కాదు. దాన్ని ఆపాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం ఆగింది. డబ్బు మధ్యలో ఉంటే మనిషి అబద్ధం ఆడతాడని మేం అప్పటికే నేర్చుకున్నాం. సిగ్గు కూడా అదే పని చేయిస్తుందని నాకు తెలియలేదు.

తర్వాత నాలుగైదేళ్లకు ఒక కాలేజీలో క్యాంపు. పేరెందుకులే. డెబ్బై దగ్గర ఆగిపోయాం. గుమ్మం దగ్గర ఒక అబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండుసార్లు పిలిచాను, తల అడ్డంగా ఊపాడు. నేను మైకు తీసుకున్నాను. "ఆ నీలం చొక్కా బాబూ, అంత ఒళ్లు పెట్టుకుని సూదికి భయమా?" అన్నాను. హాలంతా నవ్వింది. ఫ్రెండ్స్ తోసుకుంటూ తీసుకొచ్చారు. ఫారంలో కామెర్లు వచ్చాయా అన్న చోట 'లేదు' అని టిక్కు పెట్టాడు. పెన్ను కాసేపు ఆ గడి మీదే ఆగింది. చూశాను అమ్మలూ. చూసి కూడా "తొందరగా బాబూ" అన్నాను.

ప్రతి బ్యాగుకీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తాం. అతని శాంపిల్‌లో హెపటైటిస్ బి వచ్చింది, కామెర్లు తెచ్చే జబ్బుల్లో అదొకటి. బ్యాగు పారేశాం. ఇంజెక్షన్లకే భయపడే పిల్లాడు కాదు అతను, నలుగురిలో చెప్పలేని సంగతి ఉన్న పిల్లాడు. ఇంకో తప్పు చేశాను. మళ్లీ పరీక్షకి రమ్మని కాలేజీ ప్యూన్‌తో చీటీ పంపాను. మైకులో పిలిచిన అబ్బాయి కాబట్టి అతనెవరో అందరికీ తెలుసు. వారంలో కాలేజీ అంతా గుసగుసలు. పరీక్ష రాయకుండానే సూరత్ వెళ్లిపోయాడు, మిల్లు పనికి. వాళ్లమ్మ ఒకరోజు మా ల్యాబు మెట్ల మీద వచ్చి కూర్చుంది. తిట్టలేదు. "మావోడు వద్దన్నాడు కదమ్మా, మళ్లీ ఎందుకు అడిగావు?" అంది. ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

పరీక్షలు ఉన్నాయి కదా అనుకోకు. జబ్బు సోకిన కొత్తలో కొన్నాళ్లపాటు పరీక్షకి కూడా దొరకదు. ఆ కొన్నాళ్లూ రక్తం ఎక్కించుకునే రోగికి కాపు ఆ మనిషి చెప్పే నిజం ఒక్కటే. "ఇవాళ వద్దు" అని ఎవరైనా అంటే "సరే నాన్నా, టీ తాగి వెళ్లు" అను. కారణం అడగకు. టిఫిన్ బాక్సులూ గడియారాలూ ఇస్తామని పోస్టర్ వేయకు. రిజల్టు ఏదొచ్చినా ఆ మనిషికి తప్ప తల్లికైనా, ప్రిన్సిపాల్‌కైనా చెప్పనివ్వకు.

సవర గిరిజనుల ఊళ్లకి వెళ్తే ఒడియాలో, తెలుగులో ఉపన్యాసం ఇవ్వకు. మన ఊళ్లోనే పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. నీకు ఇప్పుడు అంత టైము లేదు, మీ కాలేజీలో సవర పిల్లల్ని తోడు తీసుకెళ్లు. ఫారంలో ప్రశ్నలు వాళ్లే అడగాలి.

ఇంకొకటి. మొదటి బ్యాగు నువ్వే ఇస్తానన్నావట. తల్లీ, నువ్వు 42 కిలోలు. ఇంటర్లో మా ల్యాబుకి వచ్చి పట్టుబట్టి వేలు గుచ్చించుకున్నావు, గుర్తుందా? హెచ్‌బీ చూడటానికి మైలతుత్తం నీళ్లలో నీ రక్తం చుక్క వేశాను. మునగాల్సిన చుక్క కాస్త దిగి మళ్లీ పైకి తేలింది, అంటే హెచ్‌బీ చాలదని. నువ్వు ఏడుస్తూ కూర్చున్నావు. అప్పటి నుంచి మునగాకు తినమని చెప్తూనే ఉన్నాను, నువ్వు చాయ్ తాగి పడుకుంటూనే ఉన్నావు. ఈసారి ఇవ్వకు. ఇస్తే మీ నాన్నతో కాదు, నాతో మాట పడతావు.

శనివారం గుణుపురం రైలుకి వస్తాను. ఫారాలు నింపే బల్ల మూలకి వేయించు, హాలు మధ్యలో వద్దు. చుట్టూ తెర కట్టడానికి నా పాత చీరలు రెండు తెస్తున్నాను, తాడు మాత్రం నువ్వు చూడు.

మీ అత్త