సమాధానం: ఎండీఎంఏ సహానుభూతిని పెంచుతుందా, తగ్గిస్తుందా?

ఎక్స్‌టసీ పేరుతోనూ పిలిచే మత్తుమందు ఎండీఎంఏ గురించి మీ సెమినార్ పత్రంలో వేసిన పట్టికలో రెండు అధ్యయనాలు కొట్టుకుంటున్నట్లు కనిపించడానికి కారణం, “సహానుభూతి” అనే ఒకే గడిలో రెండు వేర్వేరు కొలతలు వేయడం. ఎండీఎంఏ దాన్ని పెంచుతుందన్నదీ, ముఖాలు చదవడంలో తడబాటు తెస్తుందన్నదీ రెండూ నిజమే.

1. పట్టికను చీల్చండి. ఎదుటివారి భావాన్ని గుర్తించడం ఒక గడి, ఆ భావానికి మనసు కదలడం మరో గడి.

2. అందరూ వదిలేసేది ఇది: సారాంశం దగ్గరే ఆగకుండా, పాల్గొన్నవారిని ఏ ప్రశ్న అడిగారో పద్ధతుల విభాగంలో చూడండి. బహుముఖ సహానుభూతి పరీక్షలో ఫొటో చూపి రెండు రకాల ప్రశ్నలు వేస్తారు. “ఈ వ్యక్తికి ఏమనిపిస్తోంది?” అన్నదానికి ఇచ్చిన మాటల్లోంచి ఒకటి ఎంచుకోవాలి, సరైన జవాబు ఒకటుంటుంది. “ఈ వ్యక్తి కోసం మీ మనసు ఎంత కదిలింది?” అంటే అంకె వేయాలి, అందులో తప్పొప్పులు లేవు. 2014 నాటి స్విట్జర్లాండ్ అధ్యయనంలో పెరిగింది ఈ రెండోదే, అదీ పురుషుల్లో. మొదటిది మారలేదు. ముఖకవళికలతో పెట్టిన వేరే పరీక్షలో మాత్రం భయం, కోపం, విచారం గుర్తించడం తగ్గింది. మీ పత్రంలోని “తడబాటు” ఫలితం ఇలాంటి పరీక్షదే.

3. ఆప్యాయతతో ముడిపెట్టే హార్మోన్ ఆక్సిటోసిన్‌నే ఏకైక కారణంగా రాయకండి. రక్తంలో అది పెరుగుతుంది, నిజమే. కానీ ఈ మందు ప్రధానంగా విడుదల చేయించేది మెదడులో సందేశాలు మోసే సెరటోనిన్‌ను.

4. ఇవి ప్రయోగశాలలో, మందు ప్రభావం ఉన్న కొద్ది గంటల్లో తీసిన కొలతలు. ఏళ్ల తరబడి వాడేవారికి అతికించకండి. బయట అమ్మే మాత్రల్లో అసలు ఎండీఎంఏ ఉందో లేదో కూడా చెప్పలేం.