వాడి బదులు నువ్వు చదవకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ బాబుకి అక్షరాలు పట్టుబడటం లేదని, వాడికి చదవడం నేర్పమని అడగడానికి మరో నలుగురు తల్లులను కలుపుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తున్నావట. అక్కడ పని జరగకపోతే వికలాంగుల కమిషనర్ దాకా అయినా వెళ్తానన్నావట. చిన్నప్పుడు శెట్టిగారి కొట్లో రావలసిన చిల్లర అడగడానికి కూడా సిగ్గుపడి ఉత్త చేతులతో తిరిగొచ్చేదానివి. నువ్వేనా అనిపించింది. ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది. నిద్ర పట్టక నాలుగింటికే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. కళ్లు, చెవులు పరీక్ష చేయించకపోతే ఈ వారమే చేయించు. సైకాలజిస్టు ఇచ్చిన రిపోర్టు కాపీలు నాలుగైదు తీయించుకో. అడిగేదేదైనా కాగితం మీద రాసివ్వు, నీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. క్లాస్ టీచరు మీద ఫోన్‌లో కేకలేశావట, అది మాత్రం నాకు నచ్చలేదు. నలభై మంది పిల్లలను ఒక్కతే చూసుకునే మనిషి. అక్షరం పట్టుబడని పిల్లాడికి ఎలా చెప్పాలో ఆమెకు ఎవరూ నేర్పి ఉండరు. నా టీచర్ ట్రైనింగ్‌లో నాకూ ఎవరూ నేర్పలేదు. వెళ్లి ఆమెతో మంచిగా మాట్లాడు. రేపు వాడి పక్కన కూర్చుని నేర్పాల్సింది ఆమే.

చట్టం నీ వైపే ఉంది. నేను ఉద్యోగంలో ఉండగా వచ్చిన 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే రాశారు, చదవడంలో వచ్చే ఈ ఇబ్బంది అందులో లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రాశారు, డిస్లెక్సియా లాంటివి అందులోకి వచ్చాయి. ఆ చట్టంలో 16వ సెక్షన్ ప్రింట్ తీసి తీసుకెళ్లు. ఇలాంటి పిల్లలను వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధన పద్ధతులతో ఆ ఇబ్బందిని దాటించాలని అందులో ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులకూ అది వర్తిస్తుంది.

అసలు నా భయం వేరే ఉంది. స్కూలు వాళ్లు, 'పరీక్షకి స్క్రైబ్‌ని, అంటే వాడు చెప్తుంటే రాసే మనిషిని ఇస్తాం, టైం ఎక్కువిస్తాం, కావాలంటే ఒక భాష మినహాయిస్తాం' అన్నారట. మీ అమ్మ అది శుభవార్తలా చెప్పింది. నాకు గుండె జారింది. అవి వాడి హక్కులే, వద్దనకు. కానీ అవి తీసుకుని నువ్వు ఇంటికొచ్చేస్తే వాడికి చదవడం ఎవరు నేర్పుతారు?

ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 1987లో ఒంగోలు వైపు ఒక పల్లెలో మూడో తరగతి నా చేతికొచ్చింది. అందులో ఒకడు, పేరు రాయను. పాఠం మొత్తం గడగడా అప్పజెప్పేవాడు. ఒకరోజు చదువుతుంటే పక్కన నిలబడి చూశాను. వేలు ఒక లైను మీద ఉంది, నోరు ఇంకో లైను పలుకుతోంది. 'ఇది చదువు' అని పేజీ మధ్యలో ఒక మాట చూపించాను. వాడి పెదాలు వణికాయి. క్లాసంతా నవ్వింది. వాడి చెవులు ఎర్రబడటం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

నాకు జాలేసింది. ఆ మర్నాటి నుంచి వాడిని చదవమని అడగడం మానేశాను. గంట కొట్టడం, బోర్డు తుడవడం, బోరింగు నుంచి నీళ్లు తేవడం వాడికి అప్పజెప్పాను. వాడి వంతు వస్తే నేనే చదివి, 'విన్నావుగా, అర్థం చెప్పు' అనేదాన్ని. చక్కగా చెప్పేవాడు. నోటిలెక్కల్లో వాడిని మించినవాడు లేడు. బడంటే సంతోషంగా వచ్చేవాడు. 'మా వాణ్ణి కొట్టని టీచరమ్మ' అని వాళ్లమ్మ కూరగాయలు తెచ్చిచ్చేది. ఐదో తరగతి దాకా మూడేళ్లు అలాగే గడిపేశాను. చివర్లో వాడి పేరు మాత్రం పలక మీద రాసిచ్చి, దాని మీదే దిద్దించి దిద్దించి నేర్పాను. తర్వాత వాడు హైస్కూలుకి వెళ్లాడు. ఏడో తరగతి తప్పాడు, అంతటితో మానేశాడు.

2006లో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, చేతిలో కాగితాల కవరు. సాక్షి సంతకమని చెప్పి ఎవరో ఒక ఫైనాన్స్ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. అప్పు తీసుకున్నవాడు కనిపించకుండా పోయాడు, నోటీసు వీడికొచ్చింది. 'ఇందులో ఏముందో చదివి పెట్టండి టీచరమ్మా' అన్నాడు. అది సాక్షి సంతకం కాదు, జామీను. కింద వాడి సంతకం ఉంది. ఆ దీర్ఘం, ఆ తలకట్టు అచ్చం నా చేతిరాతే. నేను దిద్దించిన అక్షరాలతోనే వాడు మునిగిపోయాడు. ఒక్క మాట అనలేదమ్మా నన్ను. 'నన్ను తిట్టని టీచరు మీరొక్కరే' అన్నాడు.

ఆ తర్వాత వాణ్ణి వదల్లేదు. రోజూ పొద్దుగూకాక అరగంట, పళ్లెంలో ఇసక పోసి వేలితో రాయించాను. సర్వశిక్షా అభియాన్ శిక్షణలో ఒక మేడమ్ చెప్పిన పద్ధతి అది. ఆరేడు నెలలకు బస్సు బోర్డు చదివాడు. ఆ రోజు వాడు నవ్వాడు, నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. తొమ్మిదేళ్లప్పుడు కూడా వచ్చేదే కదా!

నువ్వూ ఇప్పుడు అదే చేస్తున్నావు. హోంవర్కులో లైన్లన్నీ నువ్వే చదివి వినిపిస్తున్నావట. కథలు ఎన్నయినా చదివి వినిపించు, వాడి మాటలు పెరుగుతాయి. కానీ రోజూ పావుగంట వాడే చదవాలి. ముందు చెవికి పని పెట్టు. 'పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?' అని అడుగు. తర్వాత రెండు మూడు అక్షరాలు, వాటి శబ్దం గట్టిగా పలుకుతూ రాయడం, ఆ అక్షరాలతో అయ్యే మాటలే చదవడం. ప, ష, వ, మ ఒకేసారి ముందు పెట్టకు. ఒకటి గట్టిపడ్డాకే ఇంకొకటి. గుణింతం బాగా నిలబడ్డాకే ఒత్తులు. ఇంగ్లీషూ అంతే. 'సీ ఏ టీ క్యాట్' అని వంద సార్లు వల్లించినా, సీ, ఏ, టీ కలిపితే క్యాట్ అని పిల్లాడి చెవికి ఎలా వినిపిస్తుంది? క్, యా, ట్ అని శబ్దాలు కలపడం నేర్పాలి. బట్టీ పట్టాడేమోనని అనుమానం వస్తే 'టిముకె', 'లోదపి' లాంటి అర్థం లేని మాటలు రాసి చదివించు. నేను ఆ పని ఒక్కరోజు చేసి ఉంటే మూడేళ్లు పోయేవి కావు.

ప్రిన్సిపాల్‌ని అడగాల్సిందీ ఇదే. ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని నిమిషాలు, ఏ పద్ధతిలో? నిమిషానికి ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివాడో నెలనెలా తేదీ వేసి రాసి చూపిస్తారా? 'స్పెషల్ కేర్ తీసుకుంటాం' అంటే లేవకు. ఆ కేర్ ఏమిటో కాగితం మీద పెట్టమను. మినహాయింపు ఫారాలు ఇస్తే అక్కడే సంతకం చేయకు. ఇంటికి తెచ్చి, చదివి, నాకు ఫోన్‌లో వినిపించి అప్పుడు చెయ్యి. నా చాదస్తం అనుకున్నా సరే, ఈ ఒక్కటీ విను.

స్కూలు వాళ్లు తమకేమైనా సందేహం ఉందంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకి (NIEPID) వెళ్లి అడగమను. నీకు తెలిసిన తల్లుల్లో ఎవరి పిల్లలైనా ప్రభుత్వ బడిలో ఉంటే, ఇలాంటి పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం సంగతి కనుక్కోమను.

వేళకి తింటున్నావా? మీ అమ్మ చిక్కిపోయావంటోంది. వాడి మీద కోపం వచ్చిన రోజు పుస్తకం మూసేసి, వాడిని తీసుకుని పార్కుకి వెళ్లు. మళ్లీ రేపు కూర్చోవచ్చు. సెలవులకు ఇద్దరూ రండి, ఇసక పళ్లెం సిద్ధం చేసి ఉంచుతాను.

కింద ఒత్తులు లేకుండా రెండు లైన్లు రాశాను. అవి బాబుకి. ఎంతసేపు పట్టినా వాడినే చదవనివ్వు.

బాబూ, మా పెరటిలో జామ కాయలు కోసి దాచాను.
సెలవులకు రా.