బాలి బడ్జెట్ ఎవరి జీతాన్ని బట్టి?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది 42 వేలు. హాస్టల్‌కు 9 వేలు, ఇంటికి 10 వేలు, చదువు అప్పు కిస్తీ 6,200, నా ఖర్చులు మరో 9 వేలు. ఇంజినీరింగ్ స్నేహితురాళ్లం నలుగురం డిసెంబరు ఆఖరి వారంలో బాలి వెళ్దామనుకుంటున్నాం. కాలేజీ రోజుల నుంచీ ఉన్న కల. బెంగళూరులో ఉన్న స్నేహితురాలు (జీతం నాకు రెట్టింపు పైనే) ప్రైవేటు పూల్ ఉన్న విల్లా చూసి, మనిషికి 1.15 లక్షలని లెక్క వేసింది. నా దగ్గర 35 వేలుంది. మిగతా 80 వేలకు బ్యాంకు 16 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. దీపావళి బోనస్ 20 వేలు అక్కడ షాపింగ్‌కు ఉంచుకున్నాను. అమ్మేమో ‘అప్పు చేసి పప్పుకూడా?’ అంటోంది. లోన్ తీసుకోమంటారా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: లోన్ వద్దు. బాలి వెళ్లండి, కానీ డిసెంబరులో కాదు.

80 వేలు రెండేళ్లకు తీసుకుంటే కిస్తీ నెలకు 3,917 రూపాయలు. వడ్డీయే 14 వేలు దాటుతుంది. 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ వేస్తే మరో 1,900 దాకా మొదట్లోనే కోసుకుంటారు. ఇప్పుడు మీకు నెలాఖరుకు మిగిలేది 7,800. అందులో సగం రెండేళ్లపాటు ఆరు రోజుల సరదాకు పోతుంది. అంతకన్నా నన్ను భయపెట్టేది, తిరిగొచ్చేసరికి మీ ఖాతాలో సున్నా ఉండటం. ఆ నెలలో ఉద్యోగం పోయినా, అమ్మకు ఒంట్లో బాగోకపోయినా మళ్లీ అప్పే దిక్కు. ఆ 35 వేలు మీ నెల ఖర్చుకే సరిగ్గా సరిపోతాయి. వాటిని మర్చిపోండి.

అసలు చిక్కు లోన్ దగ్గర లేదు. నలుగురి ప్రయాణానికి ఎక్కువ జీతమున్న ఒక్కరు ధర కట్టారు. ఆవిడ తప్పేం లేదు, తన వీలును బట్టి తను చూసింది. మీరెంత పెట్టగలరో గ్రూపులో ఎవరూ అడగలేదు, మీరూ చెప్పలేదు. ఈ రాత్రే ఒక మెసేజ్ పెట్టండి: ‘నేను కచ్చితంగా వస్తానే. కానీ నా వల్ల అయ్యేది 75 వేలు. మే నెలాఖరుకు మార్చుకుందామా?’ అంతే. క్షమాపణలూ, జీతం వివరాలూ అక్కర్లేదు. మిగతా ఇద్దరిలో ఒకరైనా ‘హమ్మయ్య’ అనుకుంటారని నా అనుమానం.

75 వేలు ఎక్కణ్నుంచి? సెప్టెంబరు నుంచి నెలకు 6 వేల చొప్పున ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) కట్టండి. జీతం పడిన మర్నాడే డబ్బు కట్ అయ్యేలా పెట్టుకోండి. 6 శాతం వడ్డీ అనుకున్నా మార్చికల్లా 36,600 చేతికొస్తుంది. దానికి బోనస్ 20 వేలు కలిపితే విమానం టికెట్లకు, గదుల అడ్వాన్సుకు సరిపోతుంది. మార్చి నుంచి మే దాకా మరో 18 వేలు పొదుపు ఖాతాలోనే పోగేయండి. మొత్తం 75 వేలకు కాస్త తక్కువ. తొమ్మిది నెలల ఆర్డీ ఒకటే కడితే టికెట్లు కొనే వేళకు డబ్బు ఇరుక్కుపోతుంది, అందుకే ఇలా. నెలనెలా మిగిలే 1,800 మాత్రం ఆ 35 వేలకే చేరాలి. షాపింగ్ అంటారా, అదీ ఈ 75 వేలలోనే.

మే నెల అనడానికి కారణముంది. బాలిలో నవంబరు నుంచి మార్చి దాకా వానలు. పైగా క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ. అంటే వానకు తడవడానికి ఎక్కువ డబ్బులు కట్టడం. పోనీ ఉగాది సెలవులకు అంటారేమో, అక్కడివాళ్ల ‘న్యెపి’ (మౌన దినం) పండుగ కొన్నేళ్లు ఉగాది చుట్టుపక్కలే వస్తుంది. 2025లో సరిగ్గా ఉగాది ముందు రోజు, మార్చి 29న వచ్చింది. ఆ రోజంతా విమానాశ్రయం మూసేస్తారు, పర్యాటకులు కూడా హోటల్ గడప దాటకూడదు. గది అద్దె మాత్రం పడుతుంది.

విల్లా ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడమనండి. ఉంటే పన్ను, సర్వీస్ చార్జీ కలిపి సాధారణంగా 21 శాతం అదనం. 10 వేలన్న గది 12,100 అవుతుంది. రెస్టారెంట్ మెనూల్లోనూ ఇదే తంతు. బాలిలోని ఉబుద్ ఊళ్లో ఇద్దరికో గది చొప్పున గెస్ట్‌హౌస్ తీసుకుని, భోజనం ‘వారుంగ్’ అనే చిన్న హోటళ్లలో చేస్తే మీ బడ్జెట్‌లో పడుతుంది. దిగగానే తీసుకునే వీసా 5 లక్షల రుపియాలు (ఇండోనేషియా కరెన్సీ), పర్యాటక రుసుము లక్షన్నర. సున్నాలు చూసి కంగారు పడకండి, రెండూ కలిపి మన డబ్బుల్లో మూడున్నర వేలకు అటూ ఇటూ.

అక్కడ కార్డు గీస్తే మెషిన్ మీద ‘రూపాయల్లోనా, రుపియాల్లోనా’ అని అడుగుతుంది. తెలిసిన రూపాయలే కదా అని నొక్కేస్తారు చాలామంది. ఆ మారకం రేటు మెషిన్ వాళ్లు పెట్టుకున్నది, దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే. రుపియాలే నొక్కండి.

స్కూటర్ అద్దెకు తీసుకోవాలనుంటే ఇక్కడే ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది లేకుండా పడి కాలు విరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు, అప్పుడు ఆసుపత్రి బిల్లు మీదే. ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పేరుతో కొంత పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కాకపోతే ఆ మేరకు ముందే చేతిలో ఉండాలి.

ఒకవేళ బెంగళూరు స్నేహితురాలు ‘తేడా నేను పెడతాలే, మెల్లగా ఇవ్వు’ అంటే? సున్నితంగా వద్దనండి. వడ్డీ లేని అప్పే కానీ, తర్వాత మీరు కొత్త చెప్పులు కొనుక్కున్నా ఆవిడ ముందు వేసుకోవడానికి మొహమాటపడతారు. అంతకన్నా మిగతా ఇద్దరితో కలిసి గెస్ట్‌హౌస్‌లో ఉండండి. ఆవిడకు విల్లాయే కావాలంటే చివరి రెండు రాత్రులు అక్కడ ఉంటుంది, పగలు మీరూ వెళ్లి పూల్ దగ్గర కూర్చుంటారు.

టికెట్లు కొనేముందు నలుగురి పాస్‌పోర్టులూ చూసుకోండి. ఇండోనేషియాలో దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. కాలేజీలో ఉండగా తీసుకున్న పాస్‌పోర్టయితే గడువు తీరే వేళయిందేమో ఓసారి తెరిచి చూడండి.