ఆఫీసులో ఆయుధపూజ ప్రసాదం: తీసుకోవాలా, వద్దా?

వందనాలు బ్రదర్. ప్రసాదం వద్దంటే తోటివాళ్లు నొచ్చుకుంటారని, తింటే దేవునికి ద్రోహమని టెన్షన్ పడుతున్నానన్నారు. బైబిల్లో 1 కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాలు కలిపి చదవండి. ఎవరింట్లోనైనా భోజనం పెడితే ఆరా తీయకుండా తినమన్నాడు ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు. కానీ ఇది విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దన్నాడు (10:28). ఆఫీసు ప్రసాదం అలా అర్పించినదేనని మీకు ముందే తెలుసు. కాబట్టి నవ్వుతూ, “నా విశ్వాసం ప్రకారం తీసుకోనండి, ఏమనుకోకండి” అనండి, చాలు. వాదన పెట్టుకోవద్దు, వాళ్ల భక్తిని చిన్నచూపు చూడొద్దు.

ఇంకో మాట. కొలస్సీ 3:5లో ధనాపేక్షను కూడా విగ్రహారాధన అన్నాడు పౌలు. ఓవర్‌టైం డబ్బుల కోసం ఆదివారం ఆరాధన మానేసినప్పుడు మనం ఇంత బాధపడుతున్నామా? నాకైతే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

పూజ అయ్యాక వాళ్లతో టీకి మాత్రం తప్పకుండా వెళ్లండి.